గ్రౌండుకు జనం రావాలంటే

(హైదరాబాద్‌లో స్థానిక ఫుట్‌బాల్ క్లబ్బులు నడుపుతున్న యువకులు, కోచ్‌ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే గ్రౌండు వదిలిపెట్టి ఇక్కడికొచ్చి కూర్చున్నారంటే ఈ విషయం మీకెంత ముఖ్యమో తెలుస్తూనే ఉంది.

నన్ను పిలిచినప్పుడు మీవాళ్లు అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, మా మ్యాచ్‌లకు ఆటగాళ్ల అమ్మానాన్నలు తప్ప ఎవరూ రావట్లేదు. టికెట్ పెడితే అసలే రారు, ఫ్రీ అన్నా రావట్లేదు. ఇంగ్లండ్‌లో చిన్న చిన్న ఊళ్ల క్లబ్బులకు అంతంత జనం ఎలా వస్తారు? వాళ్లు ఏం ఆఫర్లు పెడతారు?"

నేనుండేది ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్‌లో. ఉద్యోగం వేరే. శనివారాలు మాత్రం మా ఊరి చిన్న క్లబ్బుకు పని చేస్తాను, జీతం లేని పని. బోర్డులు కట్టడం, స్కూళ్లకు ఉత్తరాలు రాయడం, గేటు దగ్గర టికెట్లు చింపడం నా వాటా. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆఫర్ అన్నిటికన్నా చివర్లో రావాలి. మ్యాచ్ ఎప్పుడో ఊరికి తెలియాలి. రమ్మని ఎవరో ఒకరు మనిషిని అడగాలి. ధర విషయంలో మీరన్న మాట మీద మీరు నిలబడతారని ఆ మనిషికి నమ్మకం కుదరాలి. ఈ మూడూ లేకుండా సగం ధర అన్నా, పావు ధర అన్నా, డబ్బులు పోతాయి తప్ప జనం రారు.

ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడు గంటలంటే ఫుట్‌బాల్. ఎవరినీ అడగక్కర్లేదు, ఏ పేపరూ చూడక్కర్లేదు. దీని వెనక చరిత్ర ఉంది. 1850లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లూ చిన్న వయసు కార్మికులూ శనివారం మధ్యాహ్నం రెండు దాటాక పని చేయకూడదు. వాళ్లు లేకపోతే మిల్లు నడవదు కాబట్టి అందరికీ సెలవే. రెండింటికి పని అయిపోయి, ఇంత తిని, నడుచుకుంటూ గ్రౌండుకు చేరేసరికి మూడు. కార్మికుడి చేతిలో వారపు జీతమూ ఉండేది, ఖాళీ సమయమూ ఉండేది. క్లబ్బులు ఆ రెంటినీ చూసుకుని మ్యాచ్ పెట్టాయి. 1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. రెండేళ్లకు, 1890లో, పెద్దవాళ్ల టికెట్ ఆరు పెన్నీలకు తగ్గకూడదని లీగ్ నియమం పెట్టింది. అంటే ధర తగ్గించి పక్క ఊరి క్లబ్బు జనాన్ని లాగేసుకోకూడదన్న ఆలోచన అప్పటికే ఉంది.

ఆఫర్లు అంతకన్నా ముందునుంచే ఉన్నాయి. ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బు 1885 ఈస్టర్ సోమవారం నాటి మ్యాచ్‌కు ఆడవాళ్లకు ప్రవేశం ఉచితం అంది. రెండు వేల మంది వచ్చారని చెబుతారు. అప్పట్లో ఆడవాళ్లను ఊరికే లోపలికి వదలడం చాలా క్లబ్బుల్లో మామూలే. ఇంత మంది వస్తున్నారని తెలిశాక ఒక్కొక్కటిగా క్లబ్బులన్నీ ఆ సౌకర్యం ఎత్తేశాయి. ఇది నాకు బాధ కలిగించే చరిత్ర. రెండు వేల మంది ఆడవాళ్లు ఈ ఆట మాకు ఇష్టం అని కాళ్లతో నడిచొచ్చి చెబితే, అందులో క్లబ్బులకు కనబడింది పోయిన గేటు డబ్బులు మాత్రమే. ఆ రోజు వచ్చిన వాళ్లను ఏటా తక్కువ ధరకు పిలిచి ఉంటే ఇంగ్లండ్ స్టేడియాల్లో కుటుంబాలు కూర్చోవడానికి ఇంకో వందేళ్లు పట్టేది కాదు. ఆఫర్ ఫలించినప్పుడు దాని తర్వాత ఏం చేయాలన్నది ముందే ఆలోచించి పెట్టుకోండి.

ఇక సమయం సంగతి. లివర్‌పూల్‌కు నది అవతల బర్కెన్‌హెడ్ అని ఒక ఊరుంది. అక్కడి క్లబ్బు పేరు ట్రాన్‌మియర్ రోవర్స్. నది అవతల లివర్‌పూల్, ఎవర్టన్ అని రెండు పెద్ద క్లబ్బులు. శనివారం మధ్యాహ్నం వీళ్లు కూడా మ్యాచ్ పెడితే ఊళ్లో సగం మంది పడవో రైలో ఎక్కి అవతలి ఒడ్డుకు పోతారు. 1960ల్లో వాళ్లు ఫ్లడ్‌లైట్లు వాడుకుని హోమ్ మ్యాచ్‌లను, అంటే సొంత గ్రౌండులో ఆడే మ్యాచ్‌లను, శుక్రవారం రాత్రికి మార్చారు. అంతే! లివర్‌పూల్ అభిమాని కూడా శుక్రవారం ట్రాన్‌మియర్‌కు వచ్చి, శనివారం తన సొంత జట్టుకు వెళ్లొచ్చు. పెద్దవాడితో పోటీ పడే బదులు వాడి జనాన్నే ఒక రాత్రికి అరువు తెచ్చుకున్నారు. ఎన్నో దశాబ్దాల పాటు శుక్రవారం రాత్రి ఆటే ఆ క్లబ్బుకు గుర్తుగా నిలిచింది.

టీవీ విషయంలోనూ అక్కడ ఒక కాపలా ఉంది. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు బ్రిటన్‌లో మామూలుగా ఫుట్‌బాల్ మ్యాచ్ ఏదీ టీవీలో ప్రత్యక్ష ప్రసారం చేయరు. 1960ల్లో బర్న్‌లీ క్లబ్ చైర్మన్ బాబ్ లార్డ్ పట్టుబట్టి సాధించిన ఏర్పాటు ఇది. పెద్ద జట్టు ఆట ఇంట్లో కూర్చుని చూడగలిగితే చిన్న ఊరి గ్రౌండుకు ఎవరొస్తారని ఆయన వాదన. అరవై ఏళ్లయినా ఆ నియమం నిలిచే ఉంది. మనకు అలాంటి కాపలా లేదు కాబట్టి తేదీ ఎంచుకోవడంలో మనమే రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి.

2010లో నాన్-లీగ్ డే అని ఒక అభిమాని మొదలుపెట్టాడు. నాన్-లీగ్ అంటే పైనున్న నాలుగు డివిజన్ల 92 క్లబ్బుల కింద ఉన్న వేల క్లబ్బులు, మాలాంటివి. దేశాల జట్లు ఆడుకునే వారాంతాల్లో మొదటి డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కూ దాని కింది చాంపియన్‌షిప్‌కూ ఆట ఉండదు. పెద్ద క్లబ్బు అభిమానికి ఆ శనివారం ఏమీ తోచదు. అలాంటి ఒక శనివారాన్ని పట్టుకుని "ఈ వారం మీ దగ్గర్లోని చిన్న క్లబ్బుకు వెళ్లండి" అన్నారు, అంతే. చాలా క్లబ్బులు పెద్ద క్లబ్బు సీజన్ టికెట్, అంటే సీజనులోని హోమ్ మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒకేసారి కొనే టికెట్, చూపిస్తే ప్రవేశ రుసుము తగ్గిస్తాయి. కొన్ని "మీకు తోచినంత ఇవ్వండి" అంటాయి. ఆ రోజు మా గేటు దగ్గర లైను రోడ్డు దాకా ఉంటుంది. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు, ఖాళీగా ఉన్న రోజును కనిపెట్టడమే.

ఇప్పుడు నేను స్వయంగా చేసే పని గురించి. మా ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డు మీద ఒక సర్కిల్ ఉంది. అక్కడి ఇనప రెయిలింగ్‌కు ప్లాస్టిక్ టైలతో ఒక బోర్డు కట్టి ఉంటుంది. మడిచిన మంచమంత వెడల్పు, నడుం ఎత్తు. పైన క్లబ్ పేరు, రంగు. కింద మూడు వరసలకు గాడులు, ఆ గాడుల్లో అక్షరాల పలకలు తోస్తాం. మొదటి వరస: శనివారం మధ్యాహ్నం 3. రెండో వరస: ఎదుటి జట్టు పేరు. మూడో వరస: పిల్లలకు ఉచితం. ఇంకేమీ ఉండదు. కారు నడిపే మనిషికి ఆ మలుపులో దొరికేది రెండు మూడు సెకన్లు. వెబ్‌సైటు అడ్రసు పెడదామని, స్పాన్సర్ల పేర్లు పెడదామని ప్రతి ఏడూ మీటింగులో ఎవరో ఒకరు అంటారు. ఆ బోర్డు చూసుకునే పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవర్, ఒప్పుకోడు. బస్సు సీట్లోంచి ఏం చదవగలమో ఆయనకు తెలుసు మరి.

ఆయన పెట్టిన ఇంకో నియమం ఉంది. మ్యాచ్ అయిపోయిన సాయంత్రమే బోర్డు మారాలి. రేపు చూద్దాం, సోమవారం చూద్దాం అంటే కుదరదు. వాన పడుతున్నా, ఓడిపోయి వచ్చినా సరే, టార్చిలైటు పట్టుకుని వెళ్లి పాత పలకలు తీసి కొత్తవి తోసి వస్తాడు. అయిపోయిన మ్యాచ్ తేదీ ఇంకా వేలాడుతుంటే, ఈ క్లబ్బును పట్టించుకునే దిక్కు లేదని ఊరు అనుకుంటుంది అంటాడు. మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలు ఇప్పుడే చూసి వచ్చాను. కొన్నింటిలో పైనే పిన్ చేసి ఉన్న పోస్టరు మూడు నెలల కిందటి టోర్నమెంటుది. దయచేసి ఇవాళ ఇంటికెళ్లగానే తీసేయండి.

పోస్టరు మీద ఏం పెద్దగా ఉండాలన్నది కూడా ఆలోచించండి. మన దగ్గర పోస్టరంటే ముఖ్య అతిథి ఫొటో, ఆయన పక్కన ఇంకో నలుగురి ఫొటోలు, కింద ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో తేదీ. చూసేవాడికి కావలసింది ఎప్పుడు, ఎక్కడ, ఎంత. ఆ తర్వాత ఒక ఆటగాడి ముఖం. అదీ ఆ వీధిలో తిరిగే కుర్రాడి ముఖమైతే మరీ మంచిది, "అరె, మన ఫలానా వాళ్ల అబ్బాయి" అని ఆగి చూస్తారు. కేరళలో మలబారు వైపు సెవెన్స్ టోర్నమెంట్లు జరుగుతాయి, జట్టుకు ఏడుగురు ఆడే ఆట. అక్కడ ఇప్పటికీ జీపుకు మైకులు కట్టి ఊరూరా తిరిగి చెబుతారు. ఇవాళ రాత్రి ఎవరెవరికి పోటీ, ఎవరు ఆడుతున్నారు అని. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద తాత్కాలికంగా కట్టిన గ్యాలరీలు నిండిపోతాయి. మన జిల్లాల్లో సినిమాకూ ఎన్నికలకూ తిరిగే ఆటో మైకు ఉంది కదా, పోలీసు అనుమతి తీసుకుని మ్యాచ్‌కు ముందురోజు రెండు గంటలు తిప్పితే ఏం పోయింది?

అయితే బోర్డు, పోస్టరు, మైకు ఇవన్నీ ఊరందరికీ కలిపి చెప్పే మాటలు. మన ఇళ్లలో పేరంటానికి ఎలా పిలుస్తారు? గుమ్మంలోకి వచ్చి, బొట్టు పెట్టి, పేరు పెట్టి పిలుస్తారు. అలా పిలిచిన ఇంటికి వెళ్లకపోతే మనకే ఏదోలా ఉంటుంది. చిన్న క్లబ్బు చేయాల్సిన ప్రచారం అదే, పెద్ద క్లబ్బు చేయలేనిదీ అదే.

మేమెలా చేస్తామో చెబుతాను. ఏడాదికి కొన్ని ప్రాథమిక పాఠశాలలు ఎంచుకుంటాం. హెడ్ టీచర్‌కు ముందు ఉత్తరం, తర్వాత ఫోన్. మా కోచ్ ఒకరు, ఆటగాళ్లు ఇద్దరు వెళ్లి ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు ఒక పీరియడంతా ఆట నేర్పుతారు, ఊరికే. చివర్లో ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక కార్డు ఇస్తాం. అరచేతిలో పట్టే మందపాటి అట్ట. దాని మీద పిల్ల పేరు చేత్తో రాసి ఉంటుంది. పేర్ల జాబితా టీచర్ దగ్గర ముందే తీసుకుని, రాత్రి కూర్చుని రాస్తాం. "ఫలానా తేదీ మ్యాచ్‌కు నువ్వు మా అతిథివి. నీతో పాటు పెద్దవాళ్లు ఒకరు రావాలి." కార్డు మీద మ్యాచ్ తేదీ ఒకటే ఉంటుంది, "ఎప్పుడైనా రండి" అని ఉండదు. ఎప్పుడైనా అంటే ఎప్పుడూ రారు.

ఆ కార్డు బ్యాగులో ఇంటికి వెళ్తుంది. పేరు రాసి ఉంది కాబట్టి చెత్తబుట్టలో పడదు, ఫ్రిజ్ తలుపుకు అతుక్కుంటుంది. వారమంతా ఆ పిల్ల ఇంట్లో ఊదరగొడుతుంది. లెక్క చూడండి. పెద్దవాళ్ల టికెట్ పది పౌండ్లనుకుందాం. పిల్లకు ఉచితం ఇచ్చి నేను పోగొట్టుకున్నదేమీ లేదు, ఎలాగూ ఖాళీగా ఉండే చోటే అది. నాన్న పది ఇస్తాడు. తమ్ముడు కూడా వస్తానంటాడు. విరామంలో టీ, చిప్స్. లక్కీ డ్రా టికెట్ ఒకటి. గోల్డెన్ గోల్ అని ఇంకో టికెట్ ఉంటుంది, చిన్న కవరు చించితే లోపల ఒక నిమిషం రాసి ఉంటుంది, మొదటి గోల్ ఆ నిమిషంలో పడితే బహుమతి. మ్యాచ్ మొదలయ్యాక మొదటి ఐదు నిమిషాలు పిల్లలంతా గడియారం వంకే చూస్తుంటారు, ఆ ముఖాలు చూడటం కోసమైనా మీరు ఇది పెట్టాలి.

విరామంలో ఆ స్కూలు పిల్లలతో గ్రౌండులో పెనాల్టీలు కొట్టిస్తాం. అప్పుడు మైకులో ఒక్కొక్కరి పేరు చదువుతాం. నన్నడిగితే మేం చేసే ప్రచారంలో దీనికి మించింది లేదు. పేరు పలికేటప్పుడు తప్పు లేకుండా పలకాలి. మా ఊళ్లో పాకిస్తానీ కుటుంబాలున్నాయి, పోలండ్ వాళ్లున్నారు, మన తెలుగు వాళ్లూ నాలుగిళ్లున్నారు. ఆ పేర్లు ముందే టీచర్‌ను అడిగి, ఎలా పలకాలో రాసిపెట్టుకుంటాం. తన మనవరాలి పేరు స్పీకర్లలో సరిగ్గా వినబడినప్పుడు ఒక నాయనమ్మ లేచి నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకోవడం చూశాను. ఆవిడకు అంతకు ముందు ఫుట్‌బాల్‌తో సంబంధం లేదు. తర్వాతి సీజనులో మనవరాలు రాని రోజు కూడా ఆవిడ వచ్చేది.

ఇప్పుడు ధరల దగ్గరికి వద్దాం. మా పక్కనే ఉన్న రెండు ఊళ్ల కథలు చెబుతాను.

బ్రాడ్‌ఫర్డ్ సిటీ. 1999 నుంచి 2001 దాకా ప్రీమియర్ లీగ్‌లో ఆడిన క్లబ్బు. అప్పులు ముంచేశాయి, 2007 నాటికి నాలుగో డివిజన్‌కు పడిపోయింది. స్టేడియం చూస్తే పాతిక వేల మంది పట్టేది. నాలుగో డివిజన్ ఆటకు అందులో మూడొంతులు ఖాళీ సీట్లే కనబడాలి మామూలుగా. వాళ్లు ఆ సీజనుకు సీజన్ టికెట్ 138 పౌండ్లు అన్నారు. ఆ డివిజన్‌లో హోమ్ మ్యాచ్‌లు 23. భాగించి చూడండి, మ్యాచ్‌కు సరిగ్గా ఆరు పౌండ్లు. సినిమా టికెట్ ధరకు అటూ ఇటూ. సగటున 13 వేల పైచిలుకు మంది వచ్చారు, ఆ డివిజన్‌లో అదే అందరికన్నా ఎక్కువ. తర్వాత 2015–16లో మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు 149 పౌండ్లు పెట్టారు, సగటు 18 వేలు దాటింది.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వాళ్లు చవగ్గా ఇచ్చింది మొత్తం సీజనుకు, సీజను మొదలవకముందు. ఒక్క మ్యాచ్‌కు కాదు, ఆఖరి నిమిషంలో కాదు. డబ్బు వేసవిలోనే చేతికొచ్చింది, జీతాలకు ఆసరా అయింది. అప్పటికే డబ్బు కట్టేశారు కాబట్టి జనవరి చలిలో, జట్టు వరసగా మూడు ఓడినా, జనం వచ్చారు. ఒక్కో మ్యాచ్‌కు అమ్మితే ఓడిన వారం గిరాకీ పడిపోతుంది. పదిహేనేళ్ల కుర్రాడు ఆ ఆరు పౌండ్ల టికెట్‌తో అలవాటు పడి, పాతికేళ్లకు తన కొడుకును తెచ్చుకుంటున్నాడు. 2012–13లో ఆ నాలుగో డివిజన్ జట్టే ప్రీమియర్ లీగ్ జట్లయిన ఆర్సెనల్‌ను, ఆస్టన్ విల్లాను ఓడించి లీగ్ కప్ ఫైనల్‌కు లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి వెళ్లింది. ఫైనల్లో స్వాన్సీ చేతిలో 5–0తో ఓడిపోయారు. అయినా ఊరు ఊరంతా కదిలింది, ఎందుకంటే అప్పటికే ఊరు గ్రౌండులో ఉంది.

రెండోది హడర్స్‌ఫీల్డ్ టౌన్. 1908లో పుట్టిన క్లబ్బు, 1924, 25, 26లో వరసగా మూడుసార్లు ఇంగ్లండ్ చాంపియన్. తర్వాత ఏళ్లకేళ్లు కింది డివిజన్లలో నలిగింది. 2008–09లో వందేళ్ల పండగకు సీజన్ టికెట్ వంద పౌండ్లు పెట్టారు. ఆ రోజుల్లో క్లబ్ పగ్గాలు అందుకున్న డీన్ హోయిల్, గ్రీటింగ్ కార్డుల దుకాణాలతో పైకొచ్చిన వ్యాపారి, తనూ ఆ క్లబ్ అభిమానే. ఆయన ఒక మాటిచ్చాడు. ఇప్పటి నుంచి ఏటా విడవకుండా సీజన్ కార్డు కొనేవాళ్లకు, మనం ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్లిన మొదటి సీజను వంద పౌండ్లకే ఇస్తానన్నాడు. క్లబ్బు అప్పుడున్నది మూడో డివిజన్‌లో. ఎవరూ దాన్ని ఖర్చుగా లెక్కేసి ఉండరు.

2017 మే నెలలో వెంబ్లీలో రెడింగ్‌ను పెనాల్టీల్లో ఓడించి హడర్స్‌ఫీల్డ్ ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చేసింది. ఆ రోజుకు సీట్ల విలువ ఒక్కసారిగా ఎంత పెరిగిందో మీరు ఊహించవచ్చు. హోయిల్ మాట తప్పలేదు. ఏటా కొంటూ వచ్చిన వేల మందికి 19 హోమ్ మ్యాచ్‌లు వంద పౌండ్లకే ఇచ్చారు. మాంచెస్టర్ యునైటెడ్, చెల్సీ, లివర్‌పూల్ వస్తే మనిషికి ఐదు పౌండ్ల చిల్లర పడింది. అక్టోబరులో మాంచెస్టర్ యునైటెడ్‌ను 2–1తో ఓడించిన మ్యాచ్ కూడా అందులో ఉంది. నాకు తెలిసిన ఆఫర్లన్నిటిలో దీన్నే ముందు పెడతాను. ఎందుకంటే ఇది కష్టకాలంలో ఉన్నవాళ్లకు మంచి రోజుల్లో దక్కిన వాటా.

దీని నుంచి నేను పట్టుకున్న సూత్రం మీకు చెబుతాను, మీరు ఇంకేం మర్చిపోయినా పరవాలేదు. ముందు కొన్నవాడికన్నా తర్వాత కొన్నవాడికి తక్కువకు ఇవ్వకండి. జనం రాలేదని మ్యాచ్ ముందురోజు కంగారుపడి "అందరికీ ఫ్రీ" అంటే, నెల కిందట వంద రూపాయలు పెట్టి కొన్న పది మంది వెర్రివాళ్లవుతారు. ఆ పది మందే మీ క్లబ్బు! వాళ్లకు ఇంకోసారి ముందే కొనాలనిపించదు, ఎవరికైనా కొనమని చెప్పాలనీ అనిపించదు.

ధర పెంచడంలో కూడా ఇలాంటి దెబ్బ ఉంటుంది. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్ తర్వాతి సీజనుకు ఒక స్టాండులో టికెట్ 77 పౌండ్లు చేస్తామంది. సండర్‌ల్యాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో వేల మంది అభిమానులు లేచి బయటికి వెళ్లిపోయారు. అప్పటికి లివర్‌పూల్ 2–0 ముందుంది. మ్యాచ్ 2–2తో ముగిసింది. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకుంది. అదే సంవత్సరం ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ బయటి ఊరి నుంచి వచ్చే అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదని ఒప్పుకున్నాయి. అభిమానుల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే వచ్చింది అది.

మరి పూర్తిగా ఉచితం సంగతేమిటి? జర్మనీలో రెండో డివిజన్ క్లబ్బు ఫోర్టునా డ్యూసెల్‌డార్ఫ్ 2023–24లో కొన్ని హోమ్ మ్యాచ్‌లకు టికెట్లన్నీ ఉచితం చేసింది. అక్టోబరు 21న కైజర్స్‌లాటర్న్‌తో మొదటిది. 52 వేల సీట్లకు లక్షా ఇరవై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, లాటరీ తీశారు. మ్యాచ్ కూడా ఎలాంటిదనుకున్నారు, 0–3 వెనకబడి 4–3తో గెలిచారు. అదే సీజనులో ప్యారిస్ ఎఫ్‌సీ కూడా తన హోమ్ మ్యాచ్‌లు ఉచితం చేసింది.

ఇవి విన్నాక "చూశారా, ఫ్రీ పనిచేస్తుంది" అనకండి. డ్యూసెల్‌డార్ఫ్ గేటు డబ్బులు వదులుకోలేదు, ఆ డబ్బులు స్పాన్సర్ల దగ్గర తీసుకుంది. టికెట్‌కు దరఖాస్తు ఉంది, లాటరీ ఉంది, పేరు ఉంది, సీటు నంబరు ఉంది. దొరికినవాడికి ఏదో గెలిచినట్టుంది. మనం చేసే ఫ్రీ అలా ఉండదు. గేటు తెరిచిపెట్టి ఎవరైనా రావచ్చు అంటాం. ఎవరొచ్చారో తెలియదు, మళ్లీ పిలుద్దామంటే ఫోన్ నంబరు ఉండదు. ఉచితమైనా టికెట్ ఉండాలి, టికెట్ మీద పేరుండాలి. మాంచెస్టర్‌లో ఎఫ్‌సీ యునైటెడ్ ఉంది, 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌ను అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం కొన్నప్పుడు నిరసనగా అభిమానులే పెట్టుకున్న క్లబ్బు. వాళ్లు 2009 నుంచి సీజన్ టికెట్‌ను "ఇవ్వగలిగినంత ఇవ్వండి" అనే పద్ధతిలో ఇచ్చారు. కలిగినవాడు ఎక్కువిచ్చాడు, లేనివాడు తక్కువిచ్చాడు, ఇద్దరి చేతిలోనూ ఒకే టికెట్. క్లబ్ సభ్యులదే అయినప్పుడు ఈ పద్ధతి నడుస్తుంది. మీలో కొందరి క్లబ్బులు వీధి కుర్రాళ్లంతా చందాలు వేసుకుని నడుపుతున్నవే కదా. మీకు ఇది నప్పుతుంది.

ఇప్పుడు మన హైదరాబాద్. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఊరిది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి ఊరిది. ఇక్కడ ఫుట్‌బాల్‌కు జనం లేరని ఎవరన్నా నేనొప్పుకోను. కానీ 2021–22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) చాంపియన్ అయినప్పుడు కరోనా వల్ల సీజనంతా గోవాలోనే జరిగింది. ఊరి జట్టు గెలుస్తున్న రోజుల్లో ఊరు గచ్చిబౌలి స్టేడియంలో కూర్చుని చూడలేకపోయింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. నాకు ఇది మనసులో గుచ్చుకునే విషయం. పెద్ద క్లబ్బు ఊరు మారగలదు. బార్కస్ గ్రౌండులో ఆడే కుర్రాడు ఊరు మారడు. అందుకే మీ క్లబ్బులు నిలబడాలి.

మీకు పనికొచ్చేవి రెండు మూడు చెప్పి ముగిస్తాను. తేదీలు చూసుకోండి. ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న సాయంత్రం మీ మ్యాచ్ పెట్టకండి. ట్రాన్‌మియర్ వాళ్లలాగా ముందురోజో మర్నాడో పెట్టండి. సంక్రాంతి వారం నగరం ఖాళీ అవుతుంది, ఆ వారం ఇక్కడ వద్దు, కానీ మీ జట్టులో జిల్లాల పిల్లలుంటే వాళ్ల సొంతూళ్లో ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టడానికి అంతకన్నా మంచి వారం లేదు. రంజాన్ నెలలో పాతబస్తీలో రాత్రి తరావీ నమాజు అయ్యాక మ్యాచ్ పెట్టి చూడండి. పోస్టరు తెలుగులోనూ ఉర్దూలోనూ వేయండి. ప్రభుత్వ బడులకు వెళ్లండి, కార్డు మీద పేరు చేత్తో రాయండి. ఆడపిల్లలకు, వాళ్లతో వచ్చే అమ్మలకు కూర్చునే చోటు, శుభ్రమైన టాయిలెట్ ముందు ఏర్పాటు చేసి, ఆ తర్వాత పోస్టరు వేయండి. అవి లేకుండా "కుటుంబ సమేతంగా రండి" అని రాయడం అబద్ధం.

ఇంకొకటి. మ్యాచ్ వాయిదా పడితే చెప్పండి. మా దగ్గర చలికాలం వానకు గ్రౌండు నానిపోతే రిఫరీ పొద్దున్నే వచ్చి చూస్తాడు. ఆయన ఔననో కాదనో అన్న ఐదు నిమిషాల్లో ఆ కబురు అన్ని చోట్లా ఉంటుంది, ఎదుటి జట్టు అభిమానుల బస్సు బయల్దేరకముందే. మీకు ఇక్కడ అతిథిగారు ఆలస్యమయ్యారని నాలుగింటి మ్యాచ్ ఐదున్నరకు మొదలవుతుంది. పిల్లను తీసుకుని నాలుగింటికి వచ్చిన నాన్న గంటన్నర ఎండలో నిలబడతాడు. ఆయన టికెట్‌కు మీరు ఎంత తగ్గించినా మళ్లీ రాడు. అతిథి రాకపోయినా నాలుగింటికి విజిల్ వేయండి.

ప్రశ్నలకు ముందు ఒక పని చేద్దాం. ఈ బోర్డు మీద ఒక్కో క్లబ్బు వచ్చి తన తర్వాతి హోమ్ మ్యాచ్ తేదీ, టైము, గ్రౌండు పేరు రాయండి. ఇంకా ఖాయం కాని క్లబ్బులుంటే ఈ మొదటి వరసలోకి వచ్చి కూర్చోండి, ముందు మీ తేదీలు తేల్చుకుందాం, టికెట్ల మాట దాని తర్వాత.